ఇప్పిన బండి

మేడ్చల్‌లో బుచ్చిరెడ్డి పటేలు వీపు చాటున నవ్వేవాళ్లు ఊరినిండా ఉండేవాళ్లు. పటేలుకే తన వీపు చూపించి కూర్చునే మనిషి మాత్రం ఒక్కడే ఉండేవాడు. వాడి పేరు సాలోమోను.

అంత పొగరు వాడికెక్కడిదని అనుకోకండి. అది పొగరు కాదు, నౌకరీ. ప్రపంచ లడాయి రోజుల్లో పటేలు మోటారు కొన్నాడు. మోటారు తోలేవాడు ముందర కూర్చోవాలి, కొన్నవాడు వెనక కూర్చోవాలి. అట్లా ఎందుకు చేశారో దాన్ని చేసిన తెల్లవాళ్లనే అడగాలి. వాళ్లకు మేడ్చల్ మర్యాదలు తెలియవు కదా. పటేలు ఎదురొస్తే చెప్పులు విడిచి చేత పట్టుకొని తుమ్మల్లోకి తప్పుకునే వాడకట్టు మనిషి, పటేలు ముక్కుకు మూరెడు దూరంలో తన వీపు పరుచుకొని సికింద్రాబాదు లష్కర్ దాకా దర్జాగా పోయేవాడు. దారిలో ఎదురైనవాళ్లు ముందు సాలోమోనును చూసి, ఆ తర్వాతే పటేలును చూసేవాళ్లు. సలాము ఎవరికి పెట్టినట్టో పెట్టినవాడికి కూడా తెలిసేది కాదు.

సాలోమోనుకు ఆ సీటంటే ప్రాణం. ఆదివారం పూట వాడి పెండ్లాం ఎలీషమ్మ తల దువ్వుకుంటూ, "ప్రార్థనకు రావేందయ్యా? పాస్టరయ్య అడుగుతాండు" అంటే, "సీటు తుడవాలెనే" అనేవాడు.

"దేవునికంటె ఎక్కువనా నీకు గా సీటు?"

"దేవుడు మోకాళ్ల మీద నిలవెడ్తడు. గిది కూసోవెడ్తది."

పటేలుకు మాత్రం ఆ వీపు కంట్లో నలుసు. ఒకసారి పటేలు పెండ్లాం దొరసాని నవ్వులాటకే అంది, "గంతసేపు వాని మెడకాయ జూసుకుంట ఎట్ల గూసుంటరో ఏమో మీరు!" ఆ మాట పటేలు కడుపులోకి దిగి, అక్కడే కాపురం పెట్టింది.

సాలోమోను అంతకుముందు పటేలు ఎడ్లబండి తోలేవాడు. బొల్లారంలో ఒక తెల్లదొర లడాయికి పోతూ మోటారు అమ్మేస్తే, ఆ దొర డ్రైవరు పక్కన నాలుగు దినాలు కూర్చొని తోలడం పట్టుకున్నాడు. చేతులు నేర్చుకున్నాయి, కాళ్లు నేర్చుకున్నాయి, నోరు మాత్రం ఎడ్లబండి దిగలేదు. పెట్రోలు పోస్తే మేత వేసినట్టు. ఇంజనుకు నీళ్లు పోస్తే తాపినట్టు. బయలుదేరదీస్తే బండి కట్టినట్టు. ఎక్కడన్నా ఆపి పెడితే, ఎడ్ల మెడ మీది కాడి దించినట్టే, బండి ఇప్పినట్టు. పటేలుకు కూడా ఆ మాటలే నోటికెక్కాయి. పొద్దున లేస్తే "బండి కట్టురా" అనేవాడు, పోయినచోట "గా నీడకు ఇప్పురా" అనేవాడు.

మేకలు కాసే మైసయ్య ఒట్టు పెట్టి మరీ చెప్పేవాడు. ఒకసారి అలియాబాద్ దిగుడులో బ్రేకు పట్టకపోతే, సాలోమోను చక్రాన్ని రెండు చేతులా వెనక్కి గుంజి "హో... హో... నా రాజా" అన్నాడట. మోటారు టక్కున నిలబడి తోక ఆడించిందట. తోక సంగతి మైసయ్య కల్లు తాగాక కలిపింది. తాగకముందు చెవులు మాత్రమే ఆడించేది.

ఆ యేడు శ్రావణంలో ముసురు పట్టింది. ఒకటే చినుకు, ఒకటే బురద. ముసురు విడిచిన నాడే షామీర్‌పేటలో పటేలు బావమరిది ఇంట్లో దావత్ పడింది. అన్నాళ్లు దాక్కున్న కసి అంతా తీర్చుకుంటున్నట్టు ఎండ కాస్తోంది. బావమరిది ఇంటి సందులో మోటారు పట్టదు. ఊరి బయట, చెరువు కట్ట దిగగానే ఒక దిబ్బ ఉంది. దిబ్బ మీద రెండు రాతి గుండ్లు, అన్నదమ్ముల్లాగా పక్కపక్కనే. పెద్దది ఏనుగంత, చిన్నది ఏనుగు పిల్లంత.

"గా పెద్ద గుండు నీడకు ఇప్పురా" అన్నాడు పటేలు దిగుతూ. "నేనొచ్చేటాళ్లకు తోలు సీటు కాలిందనుకో, నీ తోలు దీస్త."

సాలోమోను చెప్పినట్టే ఇప్పాడు. చక్రాల కింద రాళ్లు పెట్టాడు. ఇంజనుకు నీళ్లు తాపాడు. సీటు తుడిచి, దాని మీద చేయి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకొని, బావమరిది ఇంటి పశువుల కొట్టం దగ్గర పెట్టే బువ్వ కోసం పోయాడు. విస్తరి ముందు కూర్చొని రెండో ముద్ద ఎత్తాడో లేదో, భూమి ఒకసారి ఎక్కిళ్లు పెట్టినట్టు కదిలింది. వాడు ఎంగిలి చేత్తోనే ఉరికాడు.

పెద్ద గుండు దిబ్బ మీద లేదు. మోటారు మీద ఉంది. మోటారు జొన్నరొట్టె మాదిరి అయింది. ముందు సీటు ఎక్కడుందో వెనక సీటు ఎక్కడుందో చెప్పడానికి లేదు. ఆ తేడా మొదటిసారి పోయింది.

మేకల్ని మేపుకుంటూ అంత దూరం వచ్చిన మైసయ్య, వాటిని కట్ట మీదే వదిలేసి అరుచుకుంటూ వచ్చాడు. "నేను జూసినర సాలోమోనూ! నా రెండు కండ్లతోని జూసిన! ముందుగాల్ల గుండు కింది మట్టి సర్రున జారింది. ఇగ గుండు లేసి ఒళ్లు ఇరుసుకున్నది. లేసి, నడుసుకుంట వోయి నీ బండి మీద గూసున్నది! ఎవ్వలు ముట్టలే, తనంత తనే!"

సాలోమోను ఏడుస్తూ గుండును రెండు చేతులా నెట్టాడు. చీమ నెట్టినట్టే ఉంది.

పటేలు వచ్చాడు. చూశాడు. తిడతాడనుకుంటే, కొడతాడనుకుంటే, ముసిముసిగా నవ్వాడు.

"ఏడవకురా. బీమా ఉన్నది."

"ఎవలు పటేలా?"

"బీమారా, బీమా! బొంబాయిల ఒక కంపెనీ ఉన్నది. మోటారుకు ఏమన్నయితే వాళ్లు కొత్తది కొనిస్తరు."

ఊళ్లో ఈ కబురు పొద్దు గుంకకముందే భీముడయి కూర్చుంది. పటేలుకు భీముడి అండ ఉందట, ఆయన గద పట్టుకొని బొంబాయి నుంచి రైల్లో వస్తున్నాడట. గద పట్టేంత డబ్బా దొరకడం లేదని రైలు ఆలస్యమవుతున్నదట.

పటేలు సాలోమోనును తన గడికి, ఆ కోటలాంటి ఇంటికి, పిలిచి మాట ఖాయం చేశాడు. "కొత్త మోటారొస్తే గా ముందుసీటు నీదే. బీమా రాలేదనుకో, మల్ల ఎడ్ల తోకలు వట్టుకో. అంత నీ నోట్లున్నది. బీమా సారు వచ్చి అడుగుతడు. బండి తోలుతున్నవా అంటే, లేదనాలె. తోలంగ గుద్దినవంటె పైసలియ్యరు. పార్కు జేసిన అనాలె. యాదికుంటదా? పార్కు."

"పా... పారుకు."

"ఇప్పిన, కట్టిన అనకు. మోటు మాటలు. వాళ్లు సదువుకున్నోళ్లు."

సాలోమోను ఆ మాటను కొంగున కట్టుకున్న రూపాయిలాగా ఇంటికి పట్టుకొచ్చాడు. గడప దాటేసరికి పోయింది. మళ్లీ గడికి ఉరికి అడిగి తెచ్చుకున్నాడు. ఎలీషమ్మ వాడి అవస్థ చూడలేక ఉపాయం చెప్పింది.

"పార యాదికుంచుకో అయ్యా. మట్టి తీసే పార. గా మూలకు నిలవెట్టిన పార. దానికి ఎనక 'కు' వెట్టు, అయిపాయె."

సాలోమోను మూలనున్న పారకు దండం పెట్టినంత పని చేశాడు. పొద్దున లేస్తే దాన్ని చూసేవాడు, బువ్వ తింటూ చూసేవాడు.

బీమా సారు పేరు సోమయాజులు. బందరు మనిషి. పట్నంలో చదివి, పట్నంలో కొలువు చేసి, ఎడ్లబండి ఎక్కితే వెనక కాళ్లు చాపుకొని పడుకోవడమే తప్ప, దాన్ని కట్టేదెవరో ఇప్పేదెవరో ఎన్నడూ తల తిప్పి చూసినవాడు కాదు. తెలుగు మాత్రం గట్టిది. "తమరి శకటం" అన్నాడు పటేలుతో, జొన్నరొట్టెను గొడుగు కర్రతో చూపిస్తూ.

గుండు చుట్టూ తిరిగాడు. దిబ్బ ఎక్కి, గుండు లేచిపోయిన గుంటలో జారిన మట్టిని చూశాడు. దిగివచ్చి తల అడ్డంగా ఆడించాడు.

"చాలా కష్టమండీ. వర్షాలకు కొండరాయి జారి పడింది. ఇది దైవికం. వరదలు, భూకంపాలు, రాళ్లు దొర్లడం, వీటికి మా కంపెనీ చిల్లిగవ్వ ఇవ్వదు. మనిషి చేసిన చేటైతే ఇస్తుంది. దేవుడు చేసినదానికి మేమేం చేస్తాం?"

పటేలు ముఖం మాడిపోయింది. పార్కు లేదు, గీర్కు లేదు. బండి నిలబడి ఉన్నా ఉరుకుతున్నా ఇక ఒకటే. అది పటేలుకు అర్థమైంది. దూరంగా పెదవులు కదుపుతూ పాఠం వల్లిస్తున్న సాలోమోనుకు ఎవరూ చెప్పలేదు.

"ఎందుకైనా మంచిది, డ్రైవరును ఒకమాట అడిగి వెళతాను" అన్నాడు సోమయాజులు.

సాలోమోను వచ్చి చేతులు కట్టుకొని సారు ఎదుట నిలబడ్డాడు. నాలుగేళ్ల అలవాటు ఒంటికి పట్టి, పటేలుకు వీపు చేసి నిలబడ్డాడు.

"ఏమోయ్, బండిని ఇక్కడికి తెచ్చి ఏం చేశావో ఉన్నదున్నట్టు చెప్పు."

సాలోమోను గుండె నిండా గాలి పీల్చాడు. "పార..." అన్నాడు.

"పారా?"

"పార... పార..." తోక రావడం లేదు. మూలన నిలబెట్టిన పార కళ్లముందు స్పష్టంగా కనబడుతోంది, దాని కర్ర కూడా కనబడుతోంది, 'కు' మాత్రం ఎక్కడా లేదు.

"ఏం పారోయ్? ఎవరి పార?"

"మా ఇంటిదే సార్. మా ఎలీషమ్మ చెప్పింది, పార యాదికుంచుకొమ్మని."

సోమయాజులు కనుబొమలు పైకి లేచాయి. జేబులోంచి కలం తీశాడు. "ఊఁ. పార సంగతి తర్వాత చూద్దాం. బండిని ఏం చేశావు?"

సాలోమోను చెమట తుడుచుకున్నాడు. సదువుకున్న మాట పోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న మాట, పిలవకుండానే వచ్చి నాలుక మీద నిలబడింది.

"ఇప్పిన సార్."

"విప్పావా!"

"ఇప్పి వెట్టిన."

"మొత్తం విప్పావా?"

"సగం ఇప్పుతరా సార్ ఎవలన్న? మొత్తం ఇప్పిన."

"ఇదే మొదటిసారా, ఇంతకుముందు కూడా విప్పావా?"

"మంచిగడిగిండ్రు! రోజు ఇప్పుత సార్. లష్కర్‌ల ఇప్పిన, బొల్లారంల ఇప్పిన, మొన్న గుండ్లపోచంపల్లి కాడ గుడ ఇప్పిన. యాడికి వోతే ఆడ బండి ఇప్పుడే గద నా పని!"

"విప్పి ఏం చేస్తావు?"

"ఇప్పినంక ఏం జేస్త సార్? జర్ర పక్కకు వోయి బీడీ తాగుత."

సోమయాజులు చెవికి, మోటారును విప్పడమంటే మరలూ సామానూ ఊడదీయడమే. లడాయి పుణ్యమా అని మోటారు సామాన్లు అంగట్లో దొరకని రోజులవి. దొంగచాటున టైరు అమ్మినవాడు మేడ కడుతున్నాడు. ఆయన బుర్రలో కథ తయారయింది: వీడు సామాను విప్పి అమ్ముకున్నాడు, దొంగతనం కనబడకుండా గుండు కింద పారతో తవ్వి బండి మీద దొర్లించాడు, పెళ్లాం పార అందించింది. మైసయ్య చెప్పే కథల్లో కూడా ఇంత అందమైనది లేదు.

"ఎవడు విప్పమన్నాడు నిన్ను?" గద్దించాడు.

"పటేలే సార్" అన్నాడు సాలోమోను గర్వంగా. "నాయంత నేను ఒక్కనాడు ఇప్పలే."

సోమయాజులు గిర్రున తిరిగాడు. "ఏమండీ రెడ్డిగారూ? తమరే విప్పమన్నారట!"

పటేలుకు అంతా అర్థమైంది. బండి ఇప్పుడంటే ఆపి పెట్టుడు సార్, మా దిక్కు గట్లనే అంటరు. అంతే చెప్పాలి. చెబితే సారు నవ్వుతాడు, కలం జేబులో పెట్టుకుంటాడు, దైవికమని రాసుకొని లష్కర్ వెళ్లిపోతాడు. జొన్నరొట్టె జొన్నరొట్టెగానే ఉంటుంది. పటేలు మోటారును చూశాడు. గుండును చూశాడు. తర్వాత తన ముక్కు ముందు మూరెడు దూరంలో నిలబడి ఉన్న వీపును చూశాడు. చెమటకు తడిసి, అంగీ అంటుకొని, వెడల్పుగా, నాలుగేళ్లుగా తనకు ఆకాశం కనబడనీయని వీపు.

"నేనా సార్?" అన్నాడు. "నా బండి నేనే ఇప్పుమంటనా?"

సాలోమోను వెనక్కి తిరిగాడు. "పటేలా! గా నీడకు ఇప్పుమంటిరి గద!"

"నీడకు పార్కు జేయుమన్న" అన్నాడు పటేలు, ఆ మాటను నములుతూ. "ఇప్పుమన్ననారా?"

"పార్కు!" అన్నాడు సాలోమోను, పోయిన మాట దొరికిన సంతోషంలో. "ఆఁ! గదే సార్! పార్కు! గదే జేసిన!"

"ఇప్పుడు గుర్తొచ్చిందా?" అన్నాడు సోమయాజులు చల్లగా.

ఒక్క అనుమానం మాత్రం ఆయనకు మిగిలింది. గుండు వంక తల ఎత్తి చూసి, "ఇంతదాన్ని ఒక్కడు దొర్లించగలడా?" అన్నాడు.

"వీడా సార్?" పటేలు సాలోమోను భుజం తట్టాడు. పుట్టాక పటేలు వాణ్ని ముట్టుకున్నది అదే మొదలు. "బురదల దిగవడ్డ బండిని ఎడ్లతోని సహా భుజమ్మీద లేపినోడు. మా ఊర్ల ఎవల్నన్న అడుగుండ్రి."

సోమయాజులు రాసుకున్నాడు. సొంత నౌకరు చేసిన ద్రోహం, మనిషి చేసిన చేటు, కంపెనీ ఇస్తుంది. పోలీసు కేసు మాత్రం ఉండాలన్నాడు. ఉంటదన్నాడు పటేలు. భీముడు రైల్లో వస్తాడని ఊరు ఎదురుచూసింది గానీ, ఆ భీముణ్ని అక్కడికక్కడే, ఆ కాగితం మీదనే పుట్టించారు.

ఠాణాలో పోలీసు అమీన్ సాబుకు తెలుగు రాదు. జవాను పక్కన నిలబడి, సాలోమోను చెప్పినదాన్ని "గాడీ ఖోల్ దియా" అని ఉర్దూలోకి దించాడు. ఇప్పడం, విప్పడం, ఖోల్నా. మూడు భాషలూ కలిసి వాడి నడుం మీద కూర్చున్నాయి.

"క్యా ఖోలా?" అన్నాడు అమీన్. "ఏం సామాను ఇప్పినవ్, ఎవనికమ్మినవ్?" అని జవాను తెలుగు చేశాడు.

"సామాను గాదు బాంచెన్. బండి ఇప్పుడంటే నిలవెట్టుడు."

కర్ర విరిగింది. ఇంకొకటి తెచ్చారు.

సాక్ష్యానికి మైసయ్యను పిలిపించారు. మైసయ్య నోరు తెరిచి, "గుండు తనంత తనే..." దాకా వచ్చాడు. అప్పుడు కుర్చీలో కూర్చున్న పటేలు దగ్గాడు. దగ్గి, "నీ మేకలెన్నిరా మైసయ్యా? నా తుమ్మల్లనే మేస్తున్నయి గద?" అని కుశలమడిగాడు.

మైసయ్య నోరు మూసుకొని, మళ్లీ తెరిచాడు. "నేను మేకల దిక్కు జూసిన బాంచెన్. గుండు దిక్కు జూడలే."

ఆ రాత్రి సాలోమోను ఇంటికి జవాన్లు వచ్చి మూలనున్న పారను పట్టుకుపోయారు. ఎలీషమ్మ వాళ్ల వెంట ఊరవతల దాకా ఉరికింది. "యాదికుంచుకొమ్మన్నయ్యా అంతే, యాదికుంచుకొమ్మన్న" అని ఎదురైనవాళ్లందరికీ చెప్పింది. వినేవాళ్లకు అది ఒప్పుకున్నట్టే ఉంది.

పట్నం జైల్లో, గుండ్లతో పరిచయం ఉన్నవాడని సాలోమోనును రాళ్లు కొట్టే పనికి పెట్టారు. రెండు వానాకాలాలు కొట్టాడు. ఈలోపు పటేలు గడి ముందర కొత్త మోటారు దిగింది, పాతదానికన్నా పొడుగైనది. లష్కర్ నుంచి ఖాజామియా అనే డ్రైవరు వచ్చాడు. ముందుసీటుకూ వెనకసీటుకూ నడుమ పటేలు ఎర్ర ముఖమల్ పరదా కట్టించాడు. ఇక ఏ వీపూ కనబడదు.

సాలోమోను తిరిగొచ్చేసరికి వాడి ఊళ్లో వాడే ఇంకొకడై ఉన్నాడు.

కల్లు కంపౌండు ముందు నుంచి పోతుంటే లోపల మైసయ్య గొంతు వినబడింది. "ఒక్క భుజం వెట్టిండు! 'పటేలా, నా వీపు మీద నాలుగేండ్లు సవారి జేసినవు, ఇగో దీస్కో' అన్నడు, దొబ్బిండు! గుండు ఏడ్సుకుంట వోయి మోటారు మీద వడ్డది! నేను జూసిన, నా రెండు కండ్లతోని!"

సాలోమోను లోపలికి దూసుకుపోయాడు. "ఓరి మైసయ్యా! నువ్వే గదరా అన్నవు, తనంత తనే దొర్లిందని! గదే మాట గప్పుడు చెప్పకపోతివి! నేను యాడ దొబ్బినర?"

అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో ముంత అందించారు. ఒక ముసలాయన వాడి భుజాన్ని ఎద్దు మూపురంలాగా తడిమి చూశాడు. "గట్లనే అనాలె బిడ్డా. బయటికి గట్లనే అనాలె" అన్నాడు కన్నుగీటి.

వాడు ఎంత గట్టిగా కాదంటే వాళ్లు అంత గట్టిగా నమ్మారు. ఇంకా గట్టిగా కాదంటే వాళ్లకు కోపం వచ్చింది. పటేలు మోటారును పచ్చడి చేసినవాడు ఒకడు తమ వాడకట్టులో ఉన్నాడని అనుకుంటే, గడి ముందు చెప్పులు విడిచేటప్పుడు వాళ్లకు కాళ్లు కాలడం లేదు. వీడొచ్చి ఉన్నదంతా గుంజుకుంటానంటాడేమిటి?

పటేలు పిలిపించాడు. "ఏంరా భీమా!" అన్నాడు. ఊరంతా ఇప్పుడు వాణ్ని అట్లాగే పిలుస్తోంది. "నా మీద కోపమున్నదా? నాకైతే నీ మీద లేదు. ముందుండే పని నీకిస్తనంటి గద. ఇస్త."

ఆ పని ఏమిటంటే, మోటారు ముందు ఉరకడం. పటేలు ఎక్కడికి పోయినా, మోటారుకు పది బారల ముందర సాలోమోను వట్టికాళ్లతో ఉరుకుతూ "పటేలొస్తుండు, తప్పుకోండ్రి" అని కేకలు పెట్టాలి. వెనక ఖాజామియా హారను కొడతాడు. మంచివాడే, మెల్లగా తోలడానికి చూసేవాడు. పరదా వెనక నుంచి పటేలు చెప్పుతో సీటును తన్నితే బండి జోరందుకునేది. షామీర్‌పేట పోయే దారిలో కంకర తేలి ఉంటుంది. సాలోమోను కాళ్లు ఎక్కడెక్కడ ఆనాయో తిరిగొచ్చేటప్పుడు కంకర మీద కనబడేది.

మళ్లీ ఒక ముసురు వచ్చింది. పట్టి పట్టి విడిచింది. తెల్లారి పటేలు షామీర్‌పేట బయలుదేరాడు. ముందు ఉరుకుతున్న సాలోమోను చెరువు కట్ట దిగి, టక్కున ఆగిపోయాడు. ఖాజామియా బ్రేకు మీద నిలబడ్డాడు.

దిబ్బ మీద చిన్న గుండు లేదు. జారిన ఎర్రమట్టి గుంట ఉంది. గుండు దిబ్బ కింద, ఎవరూ లేని ఖాళీ నేల మీద కూర్చొని ఉంది.

సాలోమోనుకు నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి వచ్చాయి. మోటారు తలుపు దగ్గరికి ఉరికాడు. "పటేలా! చూడుండ్రి పటేలా! తనంత తనే దొర్లింది! వానకు మట్టి జారింది, గుండు దొర్లింది! గప్పుడు గుడ గిట్లనే! ఓ షామీర్‌పేటోళ్లు, రాండ్రి, చూడుండ్రి!"

జనం వచ్చారు. మైసయ్య మేకలతో సహా వచ్చాడు. పటేలు దిగాడు. గుండును చూశాడు, గుంటను చూశాడు. సాలోమోను ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, ఎవరు ముందు అంటారా అని ఎదురుచూస్తున్నాడు.

పటేలు అడిగాడు. "రాత్రి యాడున్నవ్‌రా?"

సాలోమోను ముఖంలో నవ్వు అట్లాగే నిలిచిపోయింది. "ఇంట్ల, బాంచెన్. ఎలీషమ్మనడుగుండ్రి."

"ఇంట్లనే ఉన్నడట" అన్నారెవరో వెనక నుంచి.

"మరి ఇంట్లనే ఉంటడు, యాడికి వోతడు" అన్నాడు మైసయ్య గంభీరంగా. జనంలో గాలి తగిలిన జొన్నచేనులాగా ఒక నవ్వు కదిలింది. అందులో వెక్కిరింపు లేదు. అదే సాలోమోనును చంపింది.

పటేలు కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. పాత గుండు ఎట్లా పడిందో ఆయనకు ఒకప్పుడు తెలుసు. కానీ అమీన్ ముందు చెప్పి, అదాలత్‌లో చెప్పి, దావతులన్నిట్లో చెప్పి చెప్పి, ఆ తెలిసింది అరిగిపోయింది. మిగిలింది ఒక్కటే: గుండ్లు వాటంతటవి దొర్లవు, దొర్లించేవాడు ఉండాలి. ఆ దొర్లించేవాడు రాళ్లు కొట్టి కొట్టి ఇంకా వెడల్పైన భుజాలతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఖాజా" అన్నాడు పటేలు, ఆ భుజాల మీది చూపు తిప్పకుండా. "బండి నీడకు వద్దు. ఎండల వెట్టు."

ఆ మధ్యాహ్నం పటేలు దావత్ తిని వచ్చి కూర్చున్నప్పుడు తోలు సీటు పెనంలాగా కాలింది. పటేలు అరిచిన అరుపుకు కట్ట మీది కొంగలు లేచాయని మైసయ్య అంటాడు. కొంగలు లేచింది నిజమే.

పొద్దు గుంకే వేళ ఎలీషమ్మ వేడినీళ్లు తెచ్చి వాడి అరికాళ్లలో దిగిన కంకర ఏరుతూ కూర్చుంది. ఎవరూ వినకుండా అడిగింది.

"నిజం జెప్పు. నువ్వు దొబ్బలేదా?"

"ఎలీషమ్మా! నువ్వు గుడనా?"

"పార వోయింది. సీటు వోయింది. నీ కాళ్లు వోతున్నయి." ఆమె ఇంకో రాయి తీసి పక్కన పెట్టింది. "గా ఒక్కటన్న నిజమైతే మంచిగుండేదనుకున్న. ఊకెనే గింత పడ్డమంటె నా పానం ఒప్పుతలేదు."

సాలోమోను ఆమె ముఖం చూశాడు. జైలుకు పోకముందు చూసిన ముఖం అందులో ఎక్కడుందో వెతికాడు. మూలన పార ఉండే చోటు ఖాళీగా ఉంది.

"దొబ్బలే" అన్నాడు. "ఇప్పిన."

"ఆఁ?"

"రెండు గుండ్లు నేనే ఇప్పిన. ఎవలకు జెప్పకు."

రెండు వానాకాలాల తర్వాత ఎలీషమ్మ నవ్వింది. నీళ్లు ఒలికేటట్టు నవ్వింది. అది చూసి సాలోమోను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. రాయి దిగినచోట కాదు గానీ, ఇంకెక్కడో నొప్పి లేచింది.

తెల్లారి మోటారు కట్టారు. ఖాజామియా ముఖమల్ పరదా సర్దబోతుంటే పటేలు వద్దన్నాడు. తీసెయ్యమన్నాడు. ముందుకు వంగి, డ్రైవరు భుజం మీదుగా మెడ చాచి కూర్చున్నాడు. సాలోమోను ముందర ఉరుకుతున్నాడు, కంకర మీద ఎర్రటి అడుగులు వేసుకుంటూ. పటేలు దారిలో ఎవరి సలాములూ తీసుకోలేదు. మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా రెప్ప వేయకుండా ఆ వీపునే చూస్తూ పోయాడు.